పోటు మీద తీసిన నీళ్లు

జూన్ 4

అత్తకు,

ముందు నీ మోకాలి సంగతి అడగాలి కాబట్టి అడుగుతున్నాను, ఎలా ఉంది? ఫోన్ చేస్తే నీకు సగం వినపడదు, వినపడిన సగానికి నువ్వు తిట్లు మొదలుపెట్టేసరికి నాకు బస్సు వచ్చేస్తుంది. అందుకే నువ్వు చెప్పినట్టు ఉత్తరం రాస్తున్నాను. నాన్న బాగానే ఉన్నాడు. అక్కను అడిగానని రాయమన్నాడు, రాశాను.

నీ సిఫార్సుతో వచ్చిన ఉద్యోగంలో చేరి నేటికి రెండు నెలలు. ఏరు సముద్రంలో కలిసే మొగను మళ్లీ బతికించాలని పన్నెండేళ్ల కిందట నువ్వు మొదలుపెట్టిన సంఘం కదా, నీ మేనకోడలినని చెప్పగానే లేచి కుర్చీ వేశారు. మెడలో వేసుకోవడానికి ‘క్షేత్ర పర్యవేక్షకురాలు’ అని కార్డు కూడా ఇచ్చారు. ఆ మర్యాదకు మొదటి వారం పొంగిపోయాను. ఇప్పుడు పొద్దున్నే ఆఫీసు మెట్లెక్కేముందు ఆ కార్డు తీసి సంచిలో వేసుకుంటున్నాను.

ఆఫీసు నీకు తెలిసిందే, వలల దుకాణం పైన రెండో అంతస్తు. నువ్వున్నప్పుడు కిటికీ తెరిస్తే మొగ కనపడేదని చెప్పావు. ఇప్పుడు ఆ కిటికీకి అడ్డంగా ప్రశంసాపత్రాల బీరువా పెట్టారు. గోడ మీద మాత్రం నీ ఫొటో అలాగే ఉంది, కింద ‘వ్యవస్థాపకురాలు’ అని రాసి ఉంది.

అధ్యక్షుల వారిని నేను మనసులో గొడుగాయన అనుకుంటున్నాను. ఎండైనా వానైనా, రెండూ లేకపోయినా, ఆయన వెంట గొడుగు ఉంటుంది, దాన్ని పట్టడానికి ఒక మనిషీ ఉంటాడు. కార్యదర్శికి ఫొటోల పిచ్చి. ఒడ్డున చచ్చి పడిన చేప కనపడితే అయ్యో అనడు, కాస్త వెలుతురు వైపు తిప్పమంటాడు. మొన్న వీళ్లిద్దరి ఆధ్వర్యంలో గంటన్నర సమావేశం జరిగింది. పన్నెండేళ్ల వేడుకకు వచ్చే వాలంటీర్ల టోపీలు ఆకుపచ్చవి ఉండాలా, నీలంవి ఉండాలా అని. ఏరు నీలంగా ఉంటుంది కాబట్టి నీలమే అన్నాడు కార్యదర్శి. మీరు ఏటిని నీలంగా ఎప్పుడు చూశారండీ అని అడిగాను. శుభమా అని మాట్లాడుకుంటుంటే తుమ్మినదాన్ని చూసినట్టు చూశారు నన్ను.

అసలు సంగతికి వస్తాను. నెలకు రెండుసార్లు ఏటి నీళ్లు సీసాల్లో పట్టి పరీక్షకు పంపుతాం కదా. అది పనిలా ఉండదు, షికారులా ఉంటుంది. పోటు పట్టిక ముందేసుకుని, సముద్రం పైకి తోసుకొచ్చి నీళ్లు నిండుగా ఉండే వేళ పదింటికో పదకొండింటికో పడే రోజులు ఏరి పెట్టుకుంటారు. అప్పుడైతే పడవ మెట్ల దాకా వస్తుంది, ఎవరి చెప్పులకూ మట్టి అంటదు. గొడుగాయన రెండు వేళ్లతో సీసా ముంచి, వెంటనే జేబురుమాలుతో చెయ్యి తుడుచుకుంటాడు. ఆ రుమాలుకు అత్తరు రాసి ఉంటుంది. అది చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

మన పడవ నడిపేది గుల్లలు ఏరే ఆమె. మొగ దగ్గర బురద మేటల్లో దొరికే గుల్లలు అమ్ముకుని బతికిన ఇళ్లు అక్కడ అరవై దాకా ఉన్నాయి. తొమ్మిదేళ్ల కిందట అవి తిని ఊళ్లో జనం మంచాన పడితే మత్స్యశాఖవాళ్లు అమ్మకం ఆపి మేటలు మూసేశారు, నీకు గుర్తుండే ఉంటుంది. ఒకరోజు పడవ ఒడ్డుకు తోస్తూ ఆమె నాతో, “నీళ్లు వెనక్కి తీసినప్పుడు ఇక్కడికి ఎవరూ రారమ్మా. పాటు మీద మేమే ఉంటాం” అంది. గుల్లలు ఏరేది పాటు మీద. నీళ్లు పరీక్ష చేసేది పోటు మీద. ఎక్కడన్నా పొంతన ఉందా?

ఈ పోటు నియమం రాసిన మనిషి ఎవరు అత్తా? గొడుగాయనే అయ్యుంటాడు. బురద చూస్తే మూర్ఛపోయే రకం, ఏటిని కాపాడటానికి బయల్దేరిన మొహం. ఆ పన్నెండేళ్ల పరీక్షల రిపోర్టు చూసే ఆగస్టు 21న శాఖవాళ్లు గుల్లల మేటలు మళ్లీ తెరుస్తారట. దాని మీద నా సంతకం కావాలంటున్నారు. నాకు చెయ్యి రావడం లేదు. నువ్వేమంటావో రాయి.

నీ మేనకోడలు


జూన్ 12

కోడలు పిల్లకు,

ఉత్తరం అందింది. రెండు నెలల ఉద్యోగానికి నాలుగు పేజీల నోరు. మీ నాన్న నోట్లో నాలుక లేనివాడు, ఆయన వాటా కూడా నీకే వచ్చినట్టుంది.

మోకాలు వంగుతోంది. వ్యాయామం చేయించే అమ్మాయి రోజూ వచ్చి, ఏడిస్తే ఇంకో పదిసార్లు వంచమంటుంది. నేను ముప్పై ఏళ్లు సైన్సు టీచరుగా ఎంతమంది పిల్లల చెవులు మెలేశానో, ఆ పాపమంతా ఈ ఒక్క కాలికే చుట్టుకుంది. మీ వదిన వంటింట్లో అన్నీ పై అరల్లో పెట్టుకుంది. టీ పొడి కావాలన్నా ఎవరినో పిలవాలి. అల్లుడుగారు మంచివాడే, కాకపోతే స్నానాల గదిలో పాడతాడు, అదీ ఒకటే పాట.

ఇక నీ సంఘం గోల. అధ్యక్షుల వారిని అలా తీసిపారెయ్యకు. మొదట్లో ఆయనా నేనూ గడపగడపకీ తిరిగాం. కుక్కలు వెంటపడితే ఆ గొడుగుతోనే అదిలించాడు. మనుషులకు వయసు వస్తుంది, జేబురుమాళ్లు వస్తాయి. అందులో తప్పేముంది?

పోటు మీదే నీళ్లు ఎందుకు తీస్తారంటే ఏకరూపత కోసం. ఒకరోజు పోటు మీద, ఇంకోరోజు పాటు మీద తీస్తే ఈ ఏటి లెక్కకూ పోయినేటి లెక్కకూ పోలిక కుదరదు. పద్ధతి అంటూ ఒకటి ఉండాలి. ఎవరు రాస్తేనేం, పన్నెండేళ్లు నిలబడింది. అన్నీ తెలిసినట్టు మాట్లాడేముందు కాస్త ఆలోచించు. ఆ గుల్లల వాళ్లు మేటలు ఎప్పుడు తెరుస్తారా అని కళ్లలో ఒత్తులు వేసుకుని చూస్తున్నారు, వాళ్ల నోటికాడ అడ్డుపడతావా?

ఆగస్టు 20 వేడుకకు నన్ను రమ్మని అధ్యక్షుల వారు స్వయంగా రాశారు. వేదిక మీద మెట్లు లేకుండా వాలు చెక్క వేయిస్తారట. పన్నెండేళ్లకు ఒకళ్లు నా మోకాలి గురించి ఆలోచించారు. ఆ మాటకు కళ్లలో నీళ్లు తిరిగాయి, నవ్వుకుంటే నవ్వుకో.

సంతకం పెట్టు. బుద్ధిగా పని చేసుకో.

మీ అత్త


జూన్ 20

అత్తకు,

వేదిక మీద వాలు చెక్క వేస్తున్నారంటే నాకూ సంతోషమే. కానీ ‘ఎవరు రాస్తేనేం’ అని నువ్వు అనడం నాకు నచ్చలేదు. నాకు సైన్సు చెప్పిన అత్త ఆ మాట అనదు. తప్పుగా కొలిస్తే వందసార్లు కొలిచినా తప్పే వస్తుందని నా నెత్తి మీద మొట్టి చెప్పింది నువ్వే.

మంగళవారం పాటు పొద్దున ఆరున్నరకు. గుల్లలామెను అడిగి ఆమెతో వెళ్లాను. నన్ను ఎగాదిగా చూసి, “ఈ బట్టలతోనే దిగుతావా?” అంది. బురద మీద పోవడానికి వాళ్ల దగ్గర ఒక చెక్కపలక ఉంటుంది. ఒక మోకాలు దాని మీద ఆనించి రెండో కాలితో నెట్టుకుంటూ పోవాలి. నేను మూడుసార్లు బోర్లా పడ్డాను. అక్కడున్న ఆడవాళ్లు పొట్టలు పట్టుకుని నవ్వారు, నేనూ నవ్వాను.

తరవాత నవ్వు రాలేదు. ఊరి పెద్ద మురుగు కాలవ మొగలో పడేచోట గోడకు గుండ్రటి ఇనుప తలుపు ఒకటి వేలాడుతుంటుంది, చూశావో లేదో. పోటు మీద సముద్రం దాన్ని బయటినుంచి నొక్కి మూసేస్తుంది. మురుగంతా లోపలే ఆగుతుంది. నీళ్లు వెనక్కి తీయగానే తలుపు దానంతటదే తెరుచుకుంటుంది. అంటే మనవాళ్లు సీసాలు పట్టుకుని వెళ్లిన ప్రతిసారీ ఆ తలుపు మూసే ఉంది. పన్నెండేళ్లూ మనం సముద్రం నీళ్లు పరీక్ష చేయించి, ఏరు బాగుపడిందని పండగ చేసుకున్నాం.

ఆ తలుపు తెరుచుకోవడం నేను దగ్గరినుంచి చూశాను. ముందు వాసన వచ్చింది, ఆ వెనక నల్లటి జిగట. దానిలో వెంట్రుకల ఉండలు, గుడ్డ పీలికలు, అరిగిన బ్రష్షులు, ఊరంతా వదిలించుకున్నది ఏదైతే ఉంటుందో అదంతా, ఇంకా వెచ్చగా ఆవిరి కక్కుతూ మేటల మీదికి పాకింది. గుల్లలు ఉండేది అక్కడే. నేను వాంతి చేసుకున్నాను. గుల్లలామె నా వీపు నిమిరి, “మొదట్లో అలాగే ఉంటుందిలే” అంది. ఆమె పిక్కలదాకా ఆ నీళ్లలోనే నిలబడి ఉంది. అమ్మకం ఆగింది గానీ వాళ్లు ఇంటికి ఏరుకోవడం మానలేదు అత్తా. ఏడాదికి రెండుసార్లు ఇంటిల్లిపాదికీ విరేచనాలు పట్టుకుంటే ఒంటి తత్వం అనుకుంటున్నారు.

అక్కడ పట్టిన సీసాలు నేనే ల్యాబుకు ఇచ్చాను. పోటు నీళ్లలో క్రిములు హద్దు లోపలే ఉన్నాయి. పాటు నీళ్లలో హద్దుకు నూట ఎనభై రెట్లు.

పోటు నియమం రాసిన మహానుభావుణ్ణి పాటు వేళ తీసుకెళ్లి ఆ తలుపు ముందు నడుం దాకా పాతి నిలబెట్టాలి. నోరు తెరవమని కూడా అనాలి. ఇంత రోత మనిషిని నేను ఎరగను.

ఇంకొకటి, కోప్పడకు. గొడుగాయనను నువ్వు వెనకేసుకొచ్చే తీరు చూస్తే నాకొక అనుమానం కలిగింది. మామయ్య పోయాక ఆయన మీ ఇంటికి తెగ వచ్చేవాడని నాన్న అన్నాడు. ఉంటే ఉంది, నాకేం అభ్యంతరం లేదు. కానీ ఆ అభిమానం కోసం అరవై ఇళ్లవాళ్లతో మురుగు తినిపించకు.

నీ మేనకోడలు


జూలై 1

కోడలు పిల్లకు,

మీ నాన్నను నోరు కట్టుకోమను. ఆ అధ్యక్షుడు మా ఇంటికి వచ్చింది మీ మామయ్య పుస్తకాల కోసం. పదకొండు పట్టుకెళ్లాడు, ఒక్కటీ తిరిగివ్వలేదు. అభిమానమట అభిమానం. ఈ వయసులో నాకు ఎవరి మీదన్నా అభిమానం పుట్టాలంటే ముందు ఆ మనిషి మెట్లెక్కడానికి చెయ్యి ఇవ్వాలి. మీ వదిన కూడా ఆ ఉత్తరం చదివింది. రెండు రోజులు నన్ను చూసి ముసిముసి నవ్వులు నవ్వుతోంది. తల కొట్టేసినట్టయింది నాకు.

నువ్వు ఒంటరిగా బురదలో దిగొద్దు. అది నవ్వులాట కాదు. తొడల దాకా దిగబడితే తెలుస్తుంది, ఎంత లాగినా కాలు రాదు, లాగేకొద్దీ ఇంకా లోపలికి పోతుంది. పైన నిలబడి చూసేవాళ్లకు మాత్రం తమాషాగా ఉంటుంది. కాబట్టి పోటు మీద నీళ్లు తీయాలని ఎవరన్నా రాస్తే మనుషుల క్షేమం కోసం కూడా రాసి ఉండొచ్చు. ఎదుటి మనిషిని నడుం దాకా పాతేముందు అదొకటి ఆలోచించు.

నీ లెక్క నేను కాదనను. నూట ఎనభై రెట్లంటే చిన్న విషయం కాదు. నా మాట విను. ఇప్పటికి సంతకం పెట్టు. ఆగస్టు 20న నేను ఎలాగూ వస్తున్నాను. వేడుక అయ్యాక అధ్యక్షుడినీ కార్యదర్శినీ కూర్చోబెట్టి, ఇకమీద పాటు మీద కూడా తీయండని నెమ్మదిగా చెవిన వేస్తాను. రచ్చ చేయకుండా పని జరుగుతుంది. పన్నెండేళ్లు నడిచిన పద్ధతికి ఇంకొన్ని వారాలు పెద్ద లెక్క కాదు.

ఇక ఆ పద్ధతి రాసినవాళ్లను తిట్టడం ఆపు. చదవలేకపోతున్నాను.

మీ అత్త


జూలై 14

నిన్న సమావేశంలో నా లెక్కలు ముందు పెట్టాను.

గొడుగాయన కోప్పడతాడనుకున్నాను. కోప్పడలేదు. బీరువా తెరిచి, ప్రశంసాపత్రాల కిందనుంచి ఒక పాత నోటుబుక్కు తీసి, మొదటి పేజీ నా ముందు పెట్టాడు. ‘నమూనాలు పోటు వేళ మాత్రమే తీయవలెను. పాటు వేళ తీయరాదు.’ కింద సంతకం, తేదీ. ఆ చేతిరాత నాకు తెలియదా అత్తా? ఐదో తరగతి దాకా నా చెయ్యి పట్టుకుని దిద్దించింది ఎవరు?

“మీ అత్తగారి పద్ధతే తప్పంటున్నావా తల్లీ?” అని నవ్వాడు ఆయన. పెద్దమనిషి నవ్వు. ఆ నవ్వు మీద ఉమ్మేయాలనిపించింది. కార్యదర్శి అయితే ఇంకా నిజాయితీపరుడు. “ఇనుప తలుపు సంగతి మాకు తెలియదనుకున్నావా? తెలిసినవన్నీ రాసుకుంటూ పోతే సంఘాలు నడవవమ్మా” అన్నాడు. టీ చల్లారుతోందని బిస్కెట్ల పళ్లెం నా వైపు జరిపాడు కూడా.

మేటలు తెరిచాక ఆ గుల్లలు మీరు తింటారా అని గొడుగాయనను అడిగాను.

“మా ఇంట్లో ఎవరికీ పడవమ్మా” అన్నాడు.

అక్కడినుంచి సరాసరి శాఖ ఆఫీసుకు వెళ్లాను. అక్కడి అధికారి ఓపిగ్గా విన్నాడు. విని, సంఘం నమోదు చేసిన పద్ధతి ప్రకారం తీయని నీళ్లను తాను లెక్కలోకి తీసుకోలేనన్నాడు. నా సంతకం లేకపోతే కార్యదర్శి సంతకం చాలట. పద్ధతి తప్పని దాన్ని రాసిన వ్యక్తే లిఖితపూర్వకంగా చెబితే తప్ప ఆగస్టు 21న మేటలు తెరవక తప్పదన్నాడు.

ఆ మనిషిని నేను రెండు ఉత్తరాల్లో నానా మాటలూ అన్నాను. నువ్వు చదువుతూ కూర్చున్నావు. గొడుగాయనను కాపాడుతున్నావని, నీకేదో అభిమానమని అనుకున్నాను. ఎంత వెర్రిదాన్ని. నువ్వు కాపాడుకున్నది నిన్నే.

నాకు ఒక్కటే కావాలి. తలుపు సంగతి నీకు అప్పుడు తెలుసా, తెలియదా? ఏకరూపత అనకు, క్షేమం అనకు. తెలుసా, తెలియదా?


ఆగస్టు 2

కోడలు పిల్లకు,

తెలుసు.

ఈ ఒక్క ముక్క రాయడానికి పదిహేను రోజులు పట్టింది. నాలుగుసార్లు మొదలుపెట్టాను. నాలుగూ చాలా బాగా వచ్చాయి, అందుకే చించేశాను.

సంఘం పెట్టిన మొదటి నెల, నీళ్లు తీయడానికి పాటు మీదే వెళ్లాను. అదే సరైన వేళ అని నాకు తెలుసు. తలుపు చూశాను, దానిలోంచి వచ్చేది చూశాను, ముక్కు మూసుకుని దగ్గరికి వెళ్లాను. రెండడుగులు వేశానో లేదో తొడల దాకా దిగబడ్డాను. ఒడ్డున నా బడి పిల్లలు పాతిక మంది ఉన్నారు. ముందు భయపడ్డారు, తరవాత ఒకడు నవ్వాడు, ఆ తరవాత అందరూ నవ్వారు. గుల్లలు ఏరే ఆడవాళ్లు పలకలేసుకుని వచ్చి నా చంకల కింద చేతులు పెట్టి లాగారు. నా బట్టలు బురదలోనే ఉండిపోయాయి. ఒక కొంగో గుడ్డో కప్పారు. ఆ మురుగు నా నోట్లోకి కూడా పోయింది. అధ్యక్షుడు ఒడ్డునుంచే నాకు గొడుగు పట్టాడు.

ఇంటికొచ్చి నాలుగుసార్లు తలంటుకున్నాను. చర్మం ఎర్రబడేదాకా రుద్దుకున్నాను. తడి తల ఆరకముందే ఆ నోటుబుక్కు తీసి ఆ రెండు వాక్యాలు రాశాను. నువ్వు అడిగావు కదా, బురద చూస్తే మూర్ఛపోయే రకం ఎవరని. నేనే. నన్ను లాగినవాళ్లెవరో, ఎక్కడుంటారో కూడా మళ్లీ అడగలేదు. వాళ్లను చూస్తే ఆ వాసన వచ్చేది నాకు.

మొదటి ఏడు, వచ్చే ఏడు మారుద్దాం అనుకున్నాను. రెండో ఏడు లెక్కలు ఎంత చక్కగా వచ్చాయంటే, పేపరు వాళ్లు వచ్చారు. మూడో ఏడు జనం జబ్బు పడ్డారు. అప్పుడు చెప్పి ఉండాలి. మేటలు మూసేశారు కదా, ఇక ఎవరికీ ప్రమాదం లేదులే అనుకున్నాను. మనసుకు జోకొట్టుకోవడం ఎంత తేలికో నీకు ఇంకా తెలియదు. తెలియకపోతేనే మంచిది.

నా మీద నాకే రోతగా ఉంది. పోయిన ఉత్తరంలో కూడా నిన్ను సంతకం పెట్టమన్నాను చూడు, వాలు చెక్క కోసం. వేదిక ఎక్కి దిగాక నిజాయితీగా ఉందామనుకున్నాను.

దీనితో పాటు ఉన్న కాగితం చదువు. ఆ పద్ధతి నేనే రాశానని, అది తప్పని, దాని మీద వచ్చిన పన్నెండేళ్ల లెక్కల్లో ఒక్కటీ గుల్లల మేటలకు పనికిరాదని శాఖకు రాశాను. అసలు ప్రతి నిన్ననే రిజిస్టరు పోస్టులో వెళ్లిపోయింది. నీకు పంపినది నకలు. నీ చేతికి ఇచ్చి పంపితే దారిలో నీ మనసు కరుగుతుందేమోనని భయపడ్డాను. నువ్వు నోరున్నదానివే గానీ గట్టిదానివి కాదు.

వేడుకకు రావడం లేదు. నన్ను ఎవరేమన్నా నువ్వు అడ్డుపడకు. ఆ పడవ నడిపే ఆమెకు మాత్రం ఈ కాగితం వినిపించు. ఆమెకు ఇంకెవరూ చెప్పరు.

మీ అత్త


ఆగస్టు 24

అత్తకు,

మేటలు తెరవలేదు. నీ కాగితం 6న శాఖకు అందింది, 9న ఆపుతూ ఉత్తర్వు వచ్చింది. ఏడాదంతా పాటు మీద నీళ్లు తీసి చూస్తారట, మురుగు కాలవ సంగతి ఆ తరవాత ఆలోచిస్తారట.

వేడుక ఆగలేదు. ఆగుతుందని నువ్వు అనుకున్నావేమో, నేనైతే అనుకున్నాను. గొడుగాయన మోకాళ్ల దాకా కొత్త రబ్బరు బూట్లు తొడుక్కుని వచ్చాడు. పాత పద్ధతిలో లోపాలున్నాయని తనకు మొదటినుంచీ అనుమానమేనని, కొందరి మొహమాటం కోసం ఇన్నేళ్లు ఊరుకున్నానని, ఇకపై పాటు వేళ పరీక్షలకు తానే నాయకత్వం వహిస్తానని మాట్లాడాడు. చప్పట్లు బాగా మోగాయి. కార్యదర్శి ఆయన బూట్లకు కాస్త బురద పూసి ఫొటో తీశాడు. ఎక్కడినుంచి తెచ్చాడో తెలుసా? పూల కుండీలోంచి. ఇవన్నీ కళ్లారా చూశాను, నా కళ్లు కడుక్కోవాలనిపించింది.

నీ ఫొటో తీసేశారు. నా కార్డు కూడా వెనక్కి తీసుకున్నారు, క్షేత్ర పర్యవేక్షకురాలి అవసరం ఇక లేదట. నాన్న రెండు పూటలా నాకిష్టమైన కూర చేశాడు. పాటు మీద నీళ్లు తీయడానికి మనిషి కావాలని శాఖవాళ్లు అడుగుతున్నారు. రోజుకూలీ పని. వెళ్తానని చెప్పాను.

నిన్న పొద్దున ఒడ్డుకు వెళ్లాను. మేటలు తెరవనందుకు వాళ్లు నాతో మాట్లాడటం మానేసి పది రోజులైంది. మేటలు తెరుస్తారని కొన్న కొత్త బుట్టలు ఇళ్ల ముందు అలాగే పేర్చి ఉన్నాయి. నువ్వు చెప్పినట్టే గుల్లలామెను నిలబెట్టి కాగితం మొత్తం చదివాను. మిగతా ఆడవాళ్లు కూడా ఒక్కొక్కరే చేరారు. నిన్ను తిట్టారు. నేను అడ్డుపడలేదు. ఇదంతా తనే బయటపెట్టింది కదా అని ఒక మాట అన్నాను, దానికి ఇంకా తిట్టారు.

గుల్లలామె తిట్టలేదు. అంతా విని, “ఈ సంగతి ఆమెకు ఎప్పట్నుంచి తెలుసు?” అని అడిగింది.

ఈమధ్యనే తెలిసిందని చెప్పొచ్చు. కాగితంలో ఆ తేదీ లేదు, ఆమెకు చదవడం రాదు. మాట నోటి దాకా వచ్చింది కూడా. నువ్వు ఆ నోటుబుక్కు ముందు ఎలా కూర్చుని ఉంటావో నాకు అప్పుడు తెలిసింది. ఎంత తేలికో నిజంగానే తెలిసింది.

“మొదటి రోజు నుంచీ తెలుసు” అన్నాను.

ఆమె నా మొహం చూడకుండా బుట్ట ఎత్తుకుని వెళ్లిపోయింది. పలక అడగాలని వెళ్లాను, అడగలేకపోయాను. ఎల్లుండి పాటు ఏడింటికి, కాళ్లకు కర్రలు కట్టుకుని ఎలాగో దిగుతాను.

నీ మీద నాకు రోత పోలేదు అత్తా, పోతుందో లేదో కూడా తెలియదు. అయినా ఈ ఉత్తరం నీకే రాస్తున్నాను. ఇంకెవరికి రాయను?

నీ మేనకోడలు